కారులో ఆ టక్ టక్ చప్పుడు.. దాని వెనక 140 ఏళ్ల కథ

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక చప్పుడుతో మొదలుపెడదాం. టక్... టక్... టక్... టక్. గోడ అవతల ఎవరో చిన్న సుత్తితో మేకు కొడుతున్నట్టు ఉంటుంది. కారు స్టార్ట్ చెయ్యగానే మొదలవుతుంది, పది పదిహేను సెకన్లు కొట్టి ఆగిపోతుంది. కాసేపటికి మళ్ళీ మొదలు.

ఈ చప్పుడు నేను మొదటిసారి విన్నది పోయినేడాది జూలైలో. డల్లాస్ దగ్గర మా అక్కావాళ్ళ మినీవ్యాన్‌లో. అక్కకి అప్పుడు రెండో పాప పుట్టి మూడు నెలలు. మన ఇళ్ళల్లో మామూలే కదా, అమ్మ ఆరు నెలలకని వచ్చి ఉంది. నాన్న మాత్రం "షాపు ఎవరు చూస్తారు" అని విజయవాడలోనే ఉండిపోయారు. నేను అప్పటికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి ఈ వీడియోలు మొదలుపెట్టి కొద్ది నెలలే అయ్యింది.

నేను వెళ్ళేసరికి ఇంట్లో ఇంకో కథ నడుస్తోంది. బావ ఉద్యోగం పోయింది. హెచ్ వన్ బీ వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే ఏమవుతుందో మీలో చాలామందికి తెలుసు. మహా అయితే 60 రోజులు. ఆ లోపు కొత్త ఉద్యోగం దొరకాలి, లేకపోతే సర్దుకోవాలి. బావ క్యాలెండర్ మీద రోజులు కొట్టేసుకుంటున్నాడు. ఇంట్లో ప్రతి డాలరూ లెక్కే.

ఒకరోజు పాపని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తుంటే అమ్మ ముందు సీట్లో తడి తువ్వాలు మెడకి చుట్టుకుని కూర్చుంది. "ఏంటమ్మా ఇది?" అంటే ఏం మాట్లాడలేదు. నేను చెయ్యి పెట్టి చూశా. డ్రైవర్ వైపు చల్లటి గాలి వస్తోంది. అమ్మ వైపు మాత్రం వేడి సెగ. టెక్సాస్ ఎండలో, ముందున్న వెంట్‌లోంచి వేడి గాలి! వారం రోజుల నుంచీ అంతేనట. ఎందుకు చెప్పలేదంటే, "అల్లుడికి ఇప్పుడు ఇంకో ఖర్చు ఎందుకు రా" అంది.

దగ్గర్లో ఉన్న ఒక షాపులో చూపిస్తే 740 డాలర్లు అవుతుందన్నారు. పోయిన సామానేమో ఆన్‌లైన్‌లో 48 డాలర్లు! మిగతాదంతా విప్పి బిగించే కూలి. బావ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను మాత్రం "నేను చేస్తా" అనేశా. నిజం చెప్పాలంటే, అప్పటికి నేను కారు స్టెప్నీ కూడా సొంతంగా మార్చలేదు.

సరే, ఆ 48 డాలర్ల సామాను ఏంటి? దాని పేరు బ్లెండ్ డోర్ యాక్చువేటర్. గుప్పిట్లో పట్టే నల్లటి ప్లాస్టిక్ డబ్బా. ఇది ఏం చేస్తుందో అర్థం కావాలంటే ముందు ఒక అపోహ పోవాలి. కారులో టెంపరేచర్ నాబ్ తిప్పితే ఏసీ ఎక్కువ తక్కువ పనిచేస్తుందని అనుకుంటాం. చాలా కార్లలో జరిగేది అది కాదు. డ్యాష్‌బోర్డు వెనక ఒక పెద్ద ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది. ఫ్యాన్ కొట్టే గాలి ముందు ఎవాపొరేటర్ మీదుగా వెళ్ళి చల్లబడుతుంది. దాని పక్కనే హీటర్ కోర్ ఉంటుంది. అందులో ఇంజిన్‌లోంచి వచ్చే వేడి కూలెంట్ తిరుగుతుంటుంది. ఈ రెండింటి మధ్యలో ఒక చిన్న తలుపు. ఆ తలుపు ఒకవైపుకి పూర్తిగా వాలితే చల్లగాలి సూటిగా బయటకొస్తుంది. రెండోవైపుకి వాలితే గాలంతా హీటర్ మీదుగా పోతుంది. మధ్యలో ఆగితే సగం సగం.

మనం స్నానానికి బకెట్‌లో వేణ్ణీళ్ళు, చన్నీళ్ళు కలుపుకుంటాం చూడండి, సరిగ్గా అదే పని. వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు తోడు. ఆ కలిపే చెయ్యే యాక్చువేటర్. అక్కావాళ్ళ వ్యాన్‌లో అమ్మ వైపు తలుపు హీటర్ వైపుకి వాలి అక్కడే ఉండిపోయింది.

ఇక్కడ నాకో డౌట్ వచ్చింది. ఒక తలుపు తిప్పడానికి మోటారు, గేర్లు, సెన్సర్, కంప్యూటర్... ఇంత తతంగం ఎవరు మొదలుపెట్టారు? వెతుక్కుంటూ పోతే 1885లో తేలాను.

ఊరు మినియాపొలిస్. అమెరికాలో గడ్డకట్టే చలి ఉండే ప్రాంతం. ఇళ్ళల్లో నేలమాళిగలో బొగ్గు కొలిమి ఉండేది. ఇల్లు చల్లబడితే ఎవరో ఒకరు కిందకి దిగి, కొలిమికి గాలి వెళ్ళే మూత తెరవాలి. వేడెక్కువైతే మళ్ళీ దిగి మూయాలి. ఆల్బర్ట్ బుట్జ్ అని స్విట్జర్లాండ్ నుంచి వచ్చి స్థిరపడిన ఒకాయన దీనికి ఉపాయం కనిపెట్టాడు. గది చల్లబడగానే థర్మోస్టాట్ విద్యుత్ సర్క్యూట్‌ని కలుపుతుంది. కింద మోటారు గేర్లకున్న అడ్డు తొలగుతుంది. ఇరుసు అర చుట్టు తిరుగుతుంది. దానికి కట్టిన గొలుసు కొలిమి మూతని పైకి లాగుతుంది. గాలి తగిలి మంట పెరుగుతుంది. గది కావలసినంత వేడెక్కాక ఇరుసు ఇంకో అర చుట్టు తిరిగి మూత పడిపోతుంది. దీన్ని డ్యాంపర్ ఫ్లాపర్ అన్నారు.

గమనించారా? సెన్సర్, మోటారు, గేర్లు, ఒక తలుపు. మా అక్క వ్యాన్‌లో పోయింది కూడా ఇదే. బుట్జ్ పెట్టిన కంపెనీ చేతులు మారుతూ మారుతూ, తర్వాత 1927లో ఇంకో కంపెనీతో కలిసి మినియాపొలిస్ హనీవెల్ అయ్యింది. హనీవెల్ పేరు మీరు వినే ఉంటారు.

ఇళ్ళకి ఆ సుఖం వచ్చిన చాలా ఏళ్ళకి గానీ కార్లకి రాలేదు. 1939 నవంబర్‌లో షికాగో ఆటో షోలో ప్యాకార్డ్ కంపెనీ ఏసీ ఉన్న కారు చూపించింది. ఆ ఏసీకి 274 డాలర్లు అదనం. చల్లబరిచే యూనిట్ వెనక డిక్కీలో సగం ఆక్రమించేది. దానికి థర్మోస్టాట్ లేదు. మరి చలి ఎక్కువైతే? కారు ఆపి, బానెట్ ఎత్తి, కంప్రెసర్ బెల్ట్ చేత్తో తీసేయాలి. జోక్ కాదండి, నిజంగానే అంతే. రెండేళ్ళు తిరక్కుండానే ప్యాకార్డ్ దాన్ని ఆపేసింది. చల్లదనం పుట్టించడం తెలిసింది గానీ, దాన్ని అదుపు చేయడం తెలియలేదు.

ఇప్పుడు మన ఇళ్ళల్లో బాగా తెలిసిన ఒక పేరు చెప్తా. కెల్వినేటర్. అవును, ఫ్రిజ్‌ల కెల్వినేటరే. 1937లో ఆ ఫ్రిజ్‌ల కంపెనీ, నాష్ అనే కార్ల కంపెనీ కలిసిపోయాయి. ఒకరికి చలి తెలుసు, ఇంకొకరికి కారు తెలుసు. 1938 మోడల్‌లో నాష్ వాళ్ళు బయటి గాలిని వడగట్టి, వేడిచేసి లోపలికి పంపే పద్ధతి తెచ్చారు. మరుసటి ఏడాది దానికి థర్మోస్టాట్ కలిపి వెదర్ ఐ అని పేరు పెట్టారు. 1953లో క్రైస్లర్ తన ఇంపీరియల్ కారులో మళ్ళీ ఏసీ తీసుకొచ్చింది. 1954లో నాష్ అంబాసిడర్‌లో వేడి, చలి రెండూ కారు ముందు భాగంలోనే ఒకే వ్యవస్థగా అమిరాయి. ధర 345 డాలర్లు. ఇవాళ మన కార్లలో డ్యాష్‌బోర్డు వెనక ఉన్న అమరికకి దగ్గరి చుట్టం అదే.

తర్వాత 1964. క్యాడిలాక్ కంఫర్ట్ కంట్రోల్. డ్రైవర్ ఒక నంబర్ పెట్టి వదిలేస్తే చాలు. మిగతాది కారే చూసుకుంటుంది. ఎండాకాలమైనా, చలికాలమైనా అదే నంబర్. ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ అనేది అక్కడ పుట్టింది.

అయితే ఆ రోజుల్లో తలుపులు తిప్పింది ఎక్కువగా ఎలక్ట్రిక్ మోటార్లు కాదు, వాక్యూమ్. ఇంజిన్ గాలి పీల్చుకునేటప్పుడు ఇన్‌టేక్ దగ్గర పుట్టే పీడనం తేడాని సన్నటి రబ్బరు గొట్టాల్లో తీసుకొచ్చి తలుపులని లాగించేవాళ్ళు. చవకైన పని, తెలివైన పని. ఒక్కటే చిక్కు. ఘాట్ ఎక్కుతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజిన్‌లో వాక్యూమ్ పడిపోతుంది. అప్పుడు గొట్టం ఎక్కడైనా లీకయ్యిందనుకోండి, తలుపు పట్టు వదిలేసి, మొహం మీదికి రావాల్సిన గాలి కాస్తా అద్దం మీదికి పోయేది. అందుకే మెల్లగా చిన్న ఎలక్ట్రిక్ మోటార్లు ఆ స్థానంలోకి వచ్చాయి. కంప్యూటర్ చెప్పినంత మేరకే కదులుతాయి, ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగుతాయి. ఖర్చు, బరువు, చప్పుడు తగ్గడానికి వాటి గేర్లు ప్లాస్టిక్‌తో చేశారు. ఆ పళ్ళలో ఒకటి విరిగితే మోటారు తిరుగుతూనే ఉంటుంది, గేరు మాత్రం జారి టక్‌మంటుంది. అదే మన చప్పుడు.

మరి మినీవ్యాన్ ఎక్కడి నుంచి వచ్చింది? ఇదో సినిమా కథ. హాల్ స్పెర్లిక్, లీ ఐయకోకా ఇద్దరూ ఫోర్డ్‌లో పనిచేసేవాళ్ళు. గ్యారేజీలో పట్టే సైజులో, కుటుంబం మొత్తం ఎక్కే చిన్న వ్యాన్ చేద్దామని వాళ్ళ ఆలోచన. హెన్రీ ఫోర్డ్ టూ ఒప్పుకోలేదు. ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. ముందు స్పెర్లిక్, 1978లో ఐయకోకా. ఇద్దరూ క్రైస్లర్‌లో చేరారు. ఆ కంపెనీ అప్పటికే మునిగిపోతోంది. ప్రభుత్వం 150 కోట్ల డాలర్ల అప్పుకి హామీ ఉంటేగానీ నిలబడలేని పరిస్థితి. అలాంటి కంపెనీ 1983 నవంబర్‌లో కెనడాలోని విండ్సర్ ఫ్యాక్టరీ నుంచి మొదటి మినీవ్యాన్ బయటికి తెచ్చింది. డాడ్జ్ క్యారవాన్, ప్లిమత్ వాయేజర్. ఉద్యోగం పోయిన ఇద్దరి ఆలోచన ఒక కంపెనీకి ఊపిరి పోసింది. ఈ ముక్క ఆ రాత్రి బావకి చెప్తే చాలా రోజుల తర్వాత నవ్వాడు.

మినీవ్యాన్‌కి ఒక ఇబ్బంది ఉంది. మూడు వరసల సీట్లు, చుట్టూ అద్దాలు. ముందున్నవాళ్ళు చలికి వణుకుతుంటే వెనకున్నవాళ్ళు చెమటలు కక్కుతారు. అందుకే డ్రైవర్‌కి ఒక జోన్, పక్కవాళ్ళకి ఒకటి, వెనక వరసలకి ఇంకొకటి. జోన్ పెరిగిన ప్రతిసారీ తలుపులు పెరుగుతాయి. తలుపులు పెరిగితే యాక్చువేటర్లు పెరుగుతాయి. సుఖం పెరిగిన చోటే చెడిపోయేవీ పెరుగుతాయి.

సరే, పనిలోకి దిగుదాం. పార్ట్ వచ్చింది. రాత్రి తొమ్మిదింటికి, ఎండ తగ్గాక, గ్యారేజీలో మొదలుపెట్టా. గ్లవ్ బాక్స్ ఊడదీశా. లోపల టార్చ్ వేసి చూస్తే డబ్బా కనిపించింది. మూడు స్క్రూలు, ఒక కనెక్టర్. మూడో స్క్రూ చేతికి అందని చోట ఉంది. అది తీయడానికే నలభై నిమిషాలు, మోచేతి మీద రెండు గీతలు. పాతది బయటికొచ్చింది. కొత్తది పెట్టబోతే తలుపు ఇరుసు, దీని గాడి కలవడం లేదు. కొంచెం గట్టిగా నొక్కి బిగించేశా. స్టార్ట్ చేశా.

టక్... టక్. ఆగింది. గాలి మాత్రం గోరువెచ్చగా వస్తోంది.

ఇంకేం చేస్తా, నాన్నకి వీడియో కాల్ చేశా. మనకి అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాటితే విజయవాడలో మర్నాడు పొద్దున్న ఎనిమిది. నాన్న ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళుగా ఆటో ఎలక్ట్రీషియన్. నేను ఉద్యోగం మానేసిన దగ్గర్నుంచి మా ఇద్దరి మధ్య మాటలు "తిన్నావా", "తిన్నాను" దగ్గరే ఆగిపోతున్నాయి. ఆ రోజు ముందు పాత డబ్బా చప్పుడు రికార్డింగ్ వినిపించా. రెండు సెకన్లు విన్నారు.

"మోటారు తిరుగుతోంది. పన్ను పోయింది" అన్నారు. ఈ రకం వ్యాన్ ఆయన ఎప్పుడూ ముట్టుకోలేదు. "బ్యాటరీ తీశావా?"

"లేదు నాన్నా."

"డ్యాష్‌బోర్డు లోపల చెయ్యి పెడుతూ బ్యాటరీ తీయలేదా? అక్కడ ఎయిర్‌బ్యాగ్ వైర్లుంటాయి కదరా!" అని తిట్టారు. ఆ తిట్టు నాకు కావలసిందే. ఇది చూసి ఎవరైనా ఈ పని చేయబోతే, నా తప్పు మీరు చేయకండి. ముందు బ్యాటరీ నెగటివ్ తీయండి, కొన్ని నిమిషాలు ఆగండి, పసుపు రంగు కనెక్టర్ల జోలికి అసలు పోవద్దు.

"తలుపు చేత్తో తిప్పి చూశావా?" తర్వాతి ప్రశ్న.

"లేదు."

"తలుపే బిగుసుకుపోయి ఉంటే? కొత్త డబ్బా పెట్టినా దాని పళ్ళూ విరుగుతాయి. రోగం ఎక్కడుందో చూడకుండా మందేస్తావా?"

మళ్ళీ మొత్తం విప్పాను, ఈసారి బ్యాటరీ తీసి. ఇరుసుని వేళ్ళతో తిప్పా. అటు చివరికి వెళ్ళి మెత్తగా ధప్‌మంది. ఇటు చివరికి వచ్చి ధప్‌మంది. మధ్యలో ఎక్కడా పట్టేయలేదు. తలుపు బాగానే ఉంది. అప్పుడు అదే ఇరుసుని కొంచెం కొంచెం తిప్పుతూ గాడికి సరిపెట్టా. ఏ బలమూ లేకుండా దిగిపోయింది. నాన్న స్క్రీన్‌లోంచి చూస్తూ, "బలవంతంగా దిగిందంటే అది సరిగ్గా దిగలేదనే లెక్క" అన్నారు.

"ఇప్పుడు బ్యాటరీ పెట్టు. ఇగ్నిషన్ ఆన్ చెయ్. ఏ బటనూ నొక్కకు, ఊరికే కూర్చో. కొత్తగా వచ్చినవాడికి ఇల్లు చూపించకుండా పని చెప్తే ఎట్లా?"

నాలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ ఉలిక్కిపడ్డాడు. ఇది క్యాలిబ్రేషన్! కంట్రోల్ మాడ్యూల్ తలుపుని ఒక చివరి నుంచి ఇంకో చివరి దాకా నడిపించి, ఎక్కడ మొదలు, ఎక్కడ తుది అని గుర్తుపెట్టుకుంటుంది. నేను బ్యాటరీ తీయకుండా పార్ట్ మార్చేసరికి దాని మెమరీలో పాత లెక్కలే ఉన్నాయి. మన భాషలో చెప్పాలంటే క్యాష్ క్లియర్ చేయకుండా కొత్త వెర్షన్ పెట్టా. నేను నాలుగేళ్ళ బీటెక్‌లో ఫీడ్‌బ్యాక్ లూప్ అని రాసి మార్కులు తెచ్చుకున్నది, ఆయన "ఇల్లు చూపించడం" అన్నారు. రెండూ ఒకటే. ఆయనది త్వరగా అర్థమవుతుంది.

డ్యాష్‌బోర్డు లోపల సన్నగా జుయ్‌మని ఒక నిమిషం తిరిగింది. ఆగింది. టక్ లేదు. ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ పెట్టా. చల్లగా వచ్చింది.

కథ ఇక్కడితో అయిపోయిందనుకోవచ్చు. కానీ చరిత్రలో ఇంకో పాయ ఉంది, మనకి అదే ముఖ్యం. మన వస్తువు మనం విప్పొచ్చా? ఎలా విప్పాలో ఎవరు చెప్తారు?

ఇంగ్లండ్‌లో జాన్ హేన్స్ అని ఒకాయన. 1956లో స్కూల్లో ఉండగానే పాత ఆస్టిన్ సెవెన్ కారుని ఎలా మార్చుకున్నాడో చిన్న పుస్తకంగా వేశాడు. తర్వాత ఎయిర్‌ఫోర్స్‌లో ఏడెన్‌లో ఉన్నప్పుడు స్నేహితుడి కారు బాగుచేస్తుంటే కంపెనీ మాన్యువల్ మామూలు మనిషికి పనికిరాదని అర్థమైంది. అందుకే కారుని పూర్తిగా విప్పుతూ, ప్రతి దశకీ ఫొటోలు తీసి, 1966లో మొదటి హేన్స్ మాన్యువల్ తెచ్చాడు. ఇవాళ మనం చూసే రిపేర్ వీడియోలన్నిటికీ ఆయన తాతలాంటివాడు.

కానీ కార్లలోకి కంప్యూటర్లు వచ్చాక పుస్తకం ఒక్కటే సరిపోలేదు. తప్పు ఏంటో కారుకి తెలుసు, అది కంపెనీ స్కానర్‌కే చెప్తుంది. అమెరికాలో 1996 మోడళ్ళ నుంచి అన్ని కార్లకీ ఒకే రకం ఓబీడీ టూ పోర్ట్ తప్పనిసరి అయ్యింది. అది ముఖ్యంగా పొగ కాలుష్యం కోసం పెట్టింది. మిగతా సమాచారం కోసం 2012లో మసాచుసెట్స్ ఓటర్లు రైట్ టు రిపేర్ చట్టానికి భారీ మెజారిటీతో ఓటేశారు. ఆ దెబ్బకి 2014లో కార్ల కంపెనీలు దేశమంతటా అదే పద్ధతి పాటిస్తామని ఒప్పందానికొచ్చాయి. వైర్‌లెస్‌గా వెళ్ళే డేటా కోసం 2020లో అక్కడే మళ్ళీ ఓటు జరిగింది, మళ్ళీ నెగ్గింది. మన దేశంలో 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్, స్పేర్ పార్టులు, రిపేర్ సమాచారం బయటి మెకానిక్‌లకి అందనివ్వడం లేదని 14 కార్ల కంపెనీలకి కలిపి 2,500 కోట్లకి పైగా జరిమానా వేసింది. కంపెనీలు కోర్టుకెళ్ళాయి. 2022 డిసెంబర్‌లో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది.

ఈ లెక్కలన్నీ నాకు ముందు ఒక న్యూస్ లాగే ఉండేవి. ఆ రాత్రి తర్వాత అవి నాన్న గురించి అనిపించాయి. సమాచారం తలుపు మూసేస్తే ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళ చెవికి పనుండదు. 48 డాలర్ల డబ్బాకి 740 డాలర్లు కట్టలేని ఇంట్లో ఒక పెద్దావిడ తడి తువ్వాలు చుట్టుకుని కూర్చుంటుంది.

అలాగని అన్నీ ఇంట్లోనే విప్పమని నేను చెప్పడం లేదు. ఎయిర్‌బ్యాగ్, బ్రేకులు, ఏసీ గ్యాస్ లాంటివి తెలిసినవాళ్ళే చేయాలి. షాపులో తీసుకునే కూలి కూడా ఊరికే కాదు. ఆ మూడో స్క్రూ తీశాక నాకు ఆ గౌరవం వచ్చింది. నేను అడుగుతున్నది ఒక్కటే, విప్పాలా వద్దా అని తేల్చుకునే అవకాశం మన చేతిలో ఉండాలి.

మర్నాడు పాపని టీకాకి తీసుకెళ్ళాం. పది నిమిషాలకి అమ్మ కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, "కొంచెం తగ్గించరా, చలేస్తోంది" అంది. బావ నాబ్ తిప్పాడు. లోపలెక్కడో ఆ చిన్న తలుపు చప్పుడు లేకుండా కదిలింది. కామెంట్లలో ఎలాగూ అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా, బావకి గడువు లోపలే ఉద్యోగం దొరికింది.

నాన్న సాయంత్రం ఫోన్ చేశారు. "తిన్నావా" అని అడగలేదు. "ఆ పాత డబ్బా పారేయకు, వచ్చేటప్పుడు పట్రా. లోపల గేరు ఎట్లా చేశారో చూడాలి" అన్నారు. తీసుకెళ్ళా. ఇద్దరం షాపులో కూర్చుని విప్పాం. సరిగ్గా రెండు పళ్ళు విరిగి ఉన్నాయి.

ఇవీ ఫ్రెండ్స్ ఇవాళ్టి సంగతులు. మీ ఇంట్లో మీరు సొంతంగా విప్పి బాగుచేసిన మొదటి వస్తువేంటో కామెంట్‌లో రాయండి. పాడుచేసిందైనా పర్లేదు, రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.